పాఠకుల ప్రశ్నలు: రెండో టేకు కూడా వినండి

జాజ్‌లో మనోధర్మం (అప్పటికప్పుడు అల్లి వాయించడం) గురించి గత సంచికలో వేసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది: గొప్ప సోలో (బృందం వెనక నడుస్తుండగా ఒక్కరే ముందుకొచ్చి అల్లుకుంటూ వాయించే భాగం) గాల్లోంచి ఊడిపడదు, సాధనలోంచి వస్తుంది అని. దాని మీద ఉత్తరాలు చాలా వచ్చాయి. అలాగైతే ఇక ప్రతిభకు చోటేదని కొందరు అడిగారు. ముందే తయారు చేసుకున్నదాన్ని మనోధర్మం అనడమేమిటని మరికొందరు నిలదీశారు. వాటితో పాటు రికార్డుల గురించి, వినే పద్ధతి గురించి వచ్చిన ప్రశ్నలకు కూడా ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఏడాదిగా వింటున్నాను. మొదటి పాట ‘సో వాట్’ వరుస బాగా పట్టుబడింది. సోలో మొదలైతే మాత్రం పాటలో ఎక్కడున్నామో తెలియడం లేదు. కచేరీల్లో తాళం వేసుకుంటూ వినే అలవాటున్నవాణ్ణి. దీనికి తాళం ఎలా వెయ్యాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ అలవాటే మీకు దారి చూపిస్తుంది. జాజ్‌లో పాట ఒక చట్రం. వరుస అయిపోయాక ఆ చట్రమే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది, దాని మీద సోలో వాయించేవాళ్ళు కొత్త స్వరాలు అల్లుతారు. చట్రం ఒక్క చుట్టు తిరిగితే దాన్ని కోరస్ అంటారు. ‘సో వాట్’ కోరస్ 32 బార్లు. బారుకు 4 దెబ్బలు కాబట్టి మొత్తం 128 దెబ్బలు, అంటే సరిగ్గా 16 ఆది తాళ ఆవర్తనాలు. ఈ పాట వేగంలో ఒక కోరస్‌కు ఒక నిమిషానికి కాస్త తక్కువ పడుతుంది. చెయ్యి అందుకోలేకపోతే రెండు దెబ్బలకు ఒక అక్షరం చొప్పున వెయ్యండి, అప్పుడు 8 ఆవర్తనాలకు కోరస్ పూర్తవుతుంది.

ఈ 32 బార్లు 8 చొప్పున నాలుగు భాగాలు. మొదటి రెండు భాగాలు డి స్వరం ఆధారంగా నడుస్తాయి. మూడో భాగంలో మొత్తం సంగీతం అర మెట్టు పైకి, ఇ ఫ్లాట్‌కు జరుగుతుంది. నాలుగో భాగంలో మళ్ళీ డికి దిగుతుంది. వాడిన స్వరాలు మనకు బాగా తెలిసినవే. డిని షడ్జమం అనుకుంటే చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, అంటే ఖరహరప్రియ మేళం. అలాగని ఆ రాగం వినబడుతుందని ఆశపడకండి. గమకం లేదు, రాగ సంచారాలు లేవు, స్వరాల మెట్లు మాత్రమే ఉన్నాయి. మనకు కొత్తగా ఉండేది ఇంకొకటి: మూడో భాగంలో షడ్జమమే జరిగిపోతుంది. తంబురాను 8 బార్ల సేపు అర మెట్టు పెంచి మళ్ళీ దించితే ఎలా ఉంటుందో అలా.

చాలామంది దారి తప్పే చోటు ఒకటుంది. కోరస్ చివరి 8 బార్లు డిలో ఉంటాయి, తర్వాతి కోరస్ మొదటి 16 బార్లు కూడా డిలోనే ఉంటాయి. కలిపితే 24 బార్లు ఒకే ఆధారం మీద నడుస్తాయన్నమాట. మధ్యలో కొత్త కోరస్ మొదలైనా చెవికి ఏ గుర్తూ తగలదు. అందుకని ముందు నుంచి లెక్కపెట్టే బదులు ఆ అర మెట్టు పైకి ఎక్కే క్షణాన్ని పట్టుకోండి. అక్కడి నుంచి 8 బార్లు పైన, 8 బార్లు కింద, ఆ తర్వాత పడేది కొత్త కోరస్ సమం. కింది స్వరాలు మీటే పాల్ చేంబర్స్ బేస్ మీద చెవి పెడితే ఈ ఎక్కడం దిగడం మరింత తేటగా తెలుస్తుంది. సోలో వాయించేవాడు గీత దాటి వాయించవచ్చు, బేస్ దాటదు.

సరిచూసుకోవడానికి గుర్తులివి: నెమ్మదిగా సాగే ముందుమాట అయ్యాక వరుస ఒక కోరస్ నడుస్తుంది. సుమారు 1 నిమిషం 30 సెకండ్ల దగ్గర డ్రమ్మర్ జిమ్మీ కాబ్ పెద్ద కంచు తాళం (సింబల్) మీద ఒక్క దెబ్బ వేస్తాడు, మైల్స్ సోలో అక్కడ మొదలు. మైల్స్‌కు రెండు కోరస్‌లు, తర్వాత శాక్సఫోన్ల మీద జాన్ కోల్ట్రేన్‌కు రెండు, కానన్‌బాల్ ఆడర్లీకి రెండు, బిల్ ఎవాన్స్ పియానోకు ఒకటి. మీ లెక్క కోల్ట్రేన్ ప్రవేశంతో కలిసిందంటే మీకు పట్టుబడినట్టే.

చేతి విషయంలో ఒక జాగ్రత్త. మనం సమం మీద గట్టిగా వేస్తాం. ఈ సంగీతంలో ఊపు 2, 4 దెబ్బల మీద ఉంటుంది, డ్రమ్మర్ ఎడమ పాదంతో జంట తాళాలను మూసేది అక్కడే. ఆవర్తనం లెక్కకు మనసులో సమం ఉంచుకుని, చిటికె మాత్రం 2, 4 మీద వెయ్యండి. ఒకటి రెండు రోజులు తికమకగా ఉంటుంది, ఆ తర్వాత పాట నడకే మారినట్టు వినబడుతుంది.

ప్రశ్న: అదే రికార్డు పాత ఎల్‌పీ మా ఇంట్లో ఉంది. వయొలిన్‌ను ట్యూనర్‌తో సరిచేసుకుని ‘సో వాట్’తో కలిపి వాయిస్తే శ్రుతి కలవడం లేదు. లోపం నాదా, రికార్డుదా? (తెనాలి)

జవాబు: రికార్డుదే కావచ్చు. మొదటి వైపు మూడు పాటలూ న్యూయార్క్‌లో, చర్చిని స్టూడియోగా మార్చిన కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో, 1959 మార్చి 2న రికార్డయ్యాయి. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును సరైన వేగంలో తిప్పితే శ్రుతి పెరుగుతుంది కదా, అర మెట్టు కంటే తక్కువే అయినా వాద్యంతో కలిపితే పట్టుబడిపోతుంది. అదే రోజు రెండో యంత్రం మీద నడిచిన జాగ్రత్త టేపు సరైన వేగంలో ఉంది. 1992లో దాన్నుంచి తీసి సరిచేశారు. ఏప్రిల్ 22న రికార్డయిన రెండో వైపులో ఈ లోపం లేదు.

మీ ప్లేయర్ వేగంగా తిరుగుతోందేమో కూడా చూసుకోవాలి. రెండో వైపులో ‘ఆల్ బ్లూస్’ జి మీద నిలబడే పాట. బేస్ జిని మీ ట్యూనర్‌తో పోల్చండి. అది సరిగ్గా ఉండి మొదటి వైపే ఎక్కువగా ఉంటే పాత టేపు ముద్రణ. రెండూ ఎక్కువైతే ప్లేయర్ వేగం తప్పింది. వేగం చూసే గీతల చక్రం వాడేట్టయితే 50 హెర్ట్జ్ చక్రమే వాడండి, ఎల్‌పీ వేగమైన 33⅓ వలయంలో 180 గీతలుంటాయి. అమెరికా నుంచి తెచ్చిన 60 హెర్ట్జ్ చక్రంలో 216 ఉంటాయి, మన కరెంటు దీపం కింద అది తప్పు చూపిస్తుంది.

ప్రశ్న: శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ సోలోల్లో అవే పదబంధాలు మళ్ళీ మళ్ళీ వస్తాయని చదివాను. మరి అది అప్పటికప్పుడు అల్లింది ఎలా అవుతుంది? బట్టీపట్టి అప్పజెప్పడం కాదా? (వరంగల్)

జవాబు: పదబంధాలు మళ్ళీ వస్తాయన్నది నిజం. పరిశోధకుడు థామస్ ఓవెన్స్ పార్కర్ సోలోలు సుమారు 250 రాసుకుని, వాటిలో తిరిగి తిరిగి వచ్చే పదబంధాలు వందదాకా పట్టికగా పెట్టాడు. ఇది 1974 నాటి సంగతి. మనవాళ్ళకు ఇందులో వింత ఉండకూడదు. అవధానిని చూడండి. కందం నడక, యతిస్థానాలు, పాదం చివర ఒదిగే సమాసాలు ఏళ్ళ తరబడి నోట్లో నాని ఉంటేనే ధార నడుస్తుంది. సమస్య ఇచ్చేది పృచ్ఛకుడు, నిషిద్ధాక్షరిలో దారి మూసేదీ పృచ్ఛకుడే. ఆ క్షణాన ఏ మాట ఎక్కడ పడాలన్నది అవధాని ముందే రాసుకురాడు. అలాగని మాటలు లేకుండానూ రాడు.

పార్కర్‌కు ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయనే చెప్పాడు. 1954లో తోటి శాక్సఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్‌తో రేడియో సంభాషణలో, మూడు నాలుగేళ్ళ పాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానన్నాడు.

అప్పజెప్పడమా, అల్లడమా అన్న ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో కంటే టేకుల్లో బాగా దొరుకుతుంది. స్టూడియోలో పాటను ఎత్తుకుని ఒకసారి వాయిస్తే ఒక టేకు. సవాయ్, డయల్ కంపెనీలకు పార్కర్ వాయించినవాటిలో అప్పుడు పక్కన పెట్టిన టేకులు కూడా తర్వాత బయటికొచ్చాయి. 1945 నవంబర్ 26న వాయించిన ‘బిల్లీస్ బౌన్స్’ 12 బార్ల బ్లూస్. దానికి 5 టేకులున్నాయి. వరసగా వినండి. ఒక టేకులో ముందు వచ్చిన పదబంధం ఇంకో టేకులో వేరే చోట, వేరే దెబ్బ మీద మొదలవుతుంది, తోక మారుతుంది, కొన్నిసార్లు సగంలో విరిగి ఇంకోదానితో అతుక్కుంటుంది. బట్టీపట్టినదైతే అదే చోట అదే పడాలి కదా.

దీనికంటే పెద్ద సాక్ష్యం 1947 అక్టోబర్ 28న డయల్ కోసం వాయించిన ‘ఎంబ్రేసబుల్ యూ’. గెర్ష్విన్ కట్టిన నెమ్మది పాట. పియానో మీద డ్యూక్ జోర్డన్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్, ట్రంపెట్ మీద మైల్స్. రెండు పూర్తి టేకులున్నాయి, ఎ, బి అని. ఎ టేకులో పార్కర్ అసలు వరుసను దాదాపు ఎత్తుకోనే ఎత్తుకోడు. 6 స్వరాల చిన్న ముక్కతో మొదలుపెడతాడు. వెంటనే అదే ముక్కను మళ్ళీ అంటాడు, కింద కార్డ్ మారితే దానికి తగ్గట్టు జరిపి మళ్ళీ అంటాడు. ఇలా 5 సార్లు. (కార్డ్ అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, పాట చట్రానికి దూలాలు అవే.) ఆ తర్వాతే ముక్క విచ్చుకుని పొడుగాటి వాక్యమవుతుంది. బి టేకులో ఆ 6 స్వరాల ఎత్తుగడే లేదు. అదే పాట, అదే రోజు, అదే బృందం, ఇంకో సోలో. రెంటినీ పక్కపక్కన విన్నాక కూడా అప్పజెప్పడమనిపిస్తే మళ్ళీ రాయండి.

ప్రశ్న: ‘కోకో’ అన్న పార్కర్ రికార్డు ‘చెరొకీ’ అనే పాటకు కాపీ అని ఒక మిత్రుడు అంటాడు. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: కార్డ్‌లు ‘చెరొకీ’వి. వరుస కాదు. రే నోబుల్ 1938లో కట్టిన ఆ పాట చట్రం 64 బార్లు, మామూలుకు రెట్టింపు. అమెరికాలో వరుసకు హక్కు ఉంటుంది, కార్డ్‌ల వరసకు ఆ హక్కు ఉండదు. అందుకే పాత పాట చట్రం తీసుకుని కొత్త ఎత్తుగడ కట్టడం ఆ తరానికి మామూలు పద్ధతి అయింది, రికార్డు కంపెనీకి రాయల్టీ మిగిలేది కూడా. అప్పట్లో విడుదల కాని మొదటి టేకులో ‘చెరొకీ’ వరుస ఎత్తుకోగానే ఆపేయడం వినబడుతుంది. విడుదలైన టేకులో ఆ వరుస లేదు. నిమిషానికి 300 దెబ్బల వేగంలో పార్కర్ రెండు కోరస్‌లు, అంటే 128 బార్లు వాయించాడు. నిమిషానికి 78 చుట్లు (78 ఆర్‌పీఎం) తిరిగే పది అంగుళాల రికార్డులో పట్టేది సుమారు 3 నిమిషాలు. అందులో 100 సెకండ్లు దాటి ఆయన ఒక్కడే.

ప్రశ్న: మా అన్నయ్య కోల్ట్రేన్‌ను జీనియస్ అంటాడు. గంటల కొద్దీ సాధన చేసినవాడికి ఆ మాట దేనికని నా వాదన. ఆయన పాట ‘జెయింట్ స్టెప్స్’ విన్నాక ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం గట్టిగా నిలబడ్డాం. తీర్పు చెప్పండి. (విశాఖపట్నం)

జవాబు: మీ ఇద్దరి తగువుకు మన అలంకారశాస్త్రంలో మంచి మాటలున్నాయి: ప్రతిభ, వ్యుత్పత్తి (చదివి సంపాదించిన జ్ఞానం), అభ్యాసం. కావ్యానికి మూడూ కావాలన్నారు. జీనియస్ అన్న ఒక్క మాట ఈ మూడింటినీ కలిపేస్తుంది, తగువు అక్కడే వస్తోంది. మీరెంచుకున్న పాటలో మూడింటినీ విడదీసి వినవచ్చు.

‘జెయింట్ స్టెప్స్’ చట్రం 16 బార్లే. అందులో 26 కార్డ్‌లు. ఆధార స్వరం మూడు చోట్ల తిరుగుతుంది: బి, జి, ఇ ఫ్లాట్. ఒకదాని నుంచి ఒకదానికి షడ్జమం నుంచి అంతర గాంధారమంత దూరం, అష్టకాన్ని (స నుంచి పై స దాకా ఉన్న స్థాయిని) సమంగా మూడు ముక్కలు చేసినట్టు. వేగం నిమిషానికి దాదాపు 290 దెబ్బలు. చట్రం ఒక చుట్టు తిరగడానికి 14 సెకండ్లు కూడా పట్టదు, చాలా కార్డ్‌లు అర సెకండు లోపే మారిపోతాయి. ఆ వేగంలో ఆలోచించి స్వరం వెతుక్కోవడం మనిషికి సాధ్యం కాదు.

కోల్ట్రేన్ ఏం చేశాడో దగ్గరగా వినండి. చాలా చోట్ల కార్డ్ మారగానే దాని ఆధారాన్ని షడ్జమం చేసుకుని స రి గ ప అంటాడు. నాలుగు స్వరాలు, దెబ్బకు రెండు చొప్పున రెండు దెబ్బలు, ఒక కార్డ్ సరిగ్గా నిండిపోతుంది. తర్వాతి కార్డ్‌కు కొత్త షడ్జమం, మళ్ళీ స రి గ ప. ఇది చేతివేళ్ళలోకి ఇంకిన పాఠం. ఈ టేకు 1959 మేలో రికార్డయింది. దానికి కొన్ని వారాల ముందు వేరే బృందంతో చేసిన టేకులు కూడా తర్వాత విడుదలయ్యాయి. వాటిలోనూ ఇవే ముక్కలు వినబడతాయి. ఇది అభ్యాసం. అష్టకాన్ని సమభాగాలు చేసే స్వరపద్ధతుల మీద నికొలస్ స్లోనిమ్‌స్కీ కూర్చిన పుస్తకాన్ని ఆయన మథించడం వ్యుత్పత్తి.

మే నెల టేకులో టామీ ఫ్లానగన్ పియానో సోలో కూడా తప్పక వినండి. వాక్యాలుగా మొదలవుతుంది. కాసేపటికి వాక్యాలు తెగుతాయి, ఖాళీలు వస్తాయి, చివరికి కార్డ్‌లు మోగించడం దగ్గర ఆగిపోతుంది. ఫ్లానగన్ ఆ కాలపు మేటి పియానో విద్వాంసుల్లో ఒకడు. కోల్ట్రేన్ నెలల తరబడి ఇంట్లో నలిపిన దారి ఆయనకు కొత్త, అంతే తేడా. 1982లో కోల్ట్రేన్ స్మృతికి చేసిన ఆల్బంలో ఫ్లానగన్ అదే పాటను ఎక్కడా తొణక్కుండా వాయించాడు. ఇంతవరకు మీ వాదన నెగ్గింది.

కానీ 26 కార్డ్‌ల ఆ చట్రాన్ని కట్టిందెవరు? తనకు చేతకాని లెక్కను తనే వేసుకుని, దాన్ని విప్పడానికి సాధన చేయాలనుకున్నదెవరు? అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. బాలమేధావి కాడు, మైల్స్ బృందంలో చేరినప్పుడే 29 దగ్గరికొచ్చాడు. ఆ తర్వాత ఈ దారి తనకు పూర్తిగా వశమయ్యాక దాన్ని పట్టుకుని కూర్చోకుండా, ఒకే ఆధారం మీద నిమిషాల తరబడి నిలిచే సంగీతం వైపు మళ్ళాడు. 1961లో ‘ఇండియా’ అని పేరుపెట్టి వాయించింది అలాంటిదే. ఏ ప్రశ్న వేసుకోవాలి, ఎప్పుడు వదిలెయ్యాలి అన్నది సాధన నేర్పదు. అక్కడ మీ అన్నయ్య నెగ్గారు.

మా మటుకు ‘జెయింట్ స్టెప్స్’లో ముందు చెవిన పడేది అభ్యాసమే. ప్రతిభ ఒక్కటే విడిగా వినాలంటే పార్కర్ ‘ఎంబ్రేసబుల్ యూ’ ఎ టేకుకే ఓటు.

ప్రశ్న: టేపులు కత్తిరించి అతికిన జాజ్ రికార్డులు కూడా ఉన్నాయట. అది వినేవాణ్ణి మోసం చేయడం కాదా? (కర్నూలు)

జవాబు: ఎందుకు అతికారో చూసి చెప్పాలి. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ పాట ‘బ్రిలియంట్ కార్నర్స్’ 1956 అక్టోబర్‌లో రికార్డయింది. చట్రం మామూలు 32 కాదు, 22 బార్లు: 8, 7, 7. ఒక చుట్టు నెమ్మది, ఇంకో చుట్టు రెట్టింపు వేగం. సానీ రోలిన్స్, మాక్స్ రోచ్ వంటివాళ్ళుండి కూడా 25 సార్లు ప్రయత్నిస్తే ఒక్క టేకూ చివరిదాకా కుదరలేదు. నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ ముక్కలు కలిపి పాట నిలబెట్టాడు. అప్పట్లో టేపు సెకండుకు 15 అంగుళాలు నడిచేది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకు ఏడున్నర అంగుళాల టేపు. దెబ్బ మొదలయ్యే చోట గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనక అంటుపట్టీ వేసేవాళ్ళు. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టప్పుమంటుంది. ఇందులో ఎవరి స్వరాలూ మారలేదు. ఆ రోజు వాళ్ళు అల్లిందే మనం వింటున్నాం.

1969లో మైల్స్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ సంగతి వేరు. రెండో వైపు మొదట్లో వచ్చే నాలుగు నిమిషాల భాగాన్నే నిర్మాత టియో మసీరో చివర్లో అచ్చంగా మళ్ళీ అతికాడు. అది దిద్దుబాటు కాదు, కూర్పు. ఆ రికార్డును కచేరీలా కాక కట్టిన పాటలా వింటే సరిపోతుంది, మోసమన్న మాట అక్కర్లేదు.

ప్రశ్న: కర్ణాటక పద్ధతిలో ఎనిమిదేళ్ళుగా వేణువు నేర్చుకుంటున్నాను. ఒక జాజ్ సోలో చెవితో పట్టి వాయించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? (నెల్లూరు)

జవాబు: ‘సో వాట్’లో మైల్స్ సోలో మొదటి కోరస్ తీసుకోండి. స్వరాలు తక్కువ, మధ్యలో ఊపిరికి చోటుంది, మేళం మీకు తెలుసు. పార్కర్‌తో మొదలుపెట్టకండి. వేగం ఆశ పెడుతుంది, వారంలో విసుగొస్తుంది.

ముందు నాలుగైదు రోజులు వేణువు ముట్టుకోకుండా పాడండి. రెండేసి బార్లు వినడం, ఆపడం, అ-కారంలో అనడం. పాటతో కలిపి పాడినప్పుడు మీ గొంతు, ట్రంపెట్ విడిగా వినబడకూడదు. అప్పుడే స్వరాలు గుర్తుపట్టండి, కాగితం మీద పెట్టండి. శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఫోన్లోనే దొరుకుతాయి, 75 శాతం చాలు. 50కి దిగితే నడక చచ్చిపోయి స్వరాల చప్పుడే మిగులుతుంది. ఎల్‌పీ మీద చేసేట్టయితే, 16 వేగం ఉన్న పాత ప్లేయర్ మీద 33ను తిప్పితే సరిగ్గా సగం వేగంలో, సరిగ్గా ఒక స్థాయి కింద వినబడుతుంది. వెనకటివాళ్ళు వాడిన ఉపాయం అది.

మీకు అడ్డు తగిలేవి రెండు. మొదటిది గమకం. గాంధారం మీద వేళ్ళు వాటంతటవే ఊగుతాయి. ఇక్కడ స్వరం తిన్నగా నిలబడాలి, కదలిక ఉంటే చివర్లో సన్నగా ఉంటుంది. రెండోది నడక. దెబ్బకు రెండు స్వరాలు వచ్చినప్పుడు మనం సమానంగా పంచుతాం. వీళ్ళు మొదటిదాన్ని కొద్దిగా సాగదీసి రెండోదాన్ని కుదిస్తారు. ఆ కొద్ది ఎంతో లెక్క కట్టకండి, తిశ్రం చేసేస్తే పిల్లల పాటలా తయారవుతుంది. రికార్డుతో కలిపి వాయిస్తూ పోతే అదే కుదురుతుంది.

సోలో మొత్తం వచ్చాక అందులోంచి ఒక్క పదబంధం తీసుకుని ఇ ఫ్లాట్‌కు జరిపి వాయించండి, ఇంకో దెబ్బ మీద మొదలుపెట్టండి, తోక మార్చండి. పార్కర్ టేకు టేకుకూ చేసింది ఇదే.

ప్రశ్న: జాజ్‌కూ తెలుగువాళ్ళకూ ఏమైనా సంబంధం ఉందా? (దుబాయ్)

జవాబు: పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు చెప్పవచ్చు. జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించాడు. ఆ మెక్‌లాఫ్లినే పైన చెప్పిన ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో గిటార్ వాయించింది. శ్రీనివాస్ వాయించింది జాజ్ అనలేం, కార్డ్‌ల చట్రం మీద కాక రాగం మీద నడుస్తుంది. కానీ ఎదుటివాడు అన్న పదబంధాన్ని అందుకుని తిప్పి ఇవ్వడంలో ఆ చిన్న వాద్యం ఎవరికీ తీసిపోలేదు.

ప్రశ్న: పాత బ్లూ నోట్ కంపెనీ ఎల్‌పీలు కొనాలనుకుంటున్నాను. అసలు ముద్రణ అని ఎక్కువ ధర చెబుతున్నారు. ఎలా గుర్తుపట్టాలి? (బెంగళూరు)

జవాబు: లేబుల్ ఒక్కదాన్నే నమ్మకండి. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి వలయాన్ని దీపం కింద వాల్చి చూడండి. ‘ఆర్‌వీజీ’ అనో ‘వాన్ గెల్డర్’ అనో ఉంటే ఆ మూసను ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కోశాడని అర్థం. చెవి ఆకారంలో చిన్న గుర్తుంటే ప్లాస్టిలైట్ కర్మాగారంలో ముద్రించిందని. 1960ల మధ్యలో కంపెనీ చేతులు మారాక వచ్చినవాటి మీద ఆర్‌వీజీ ఉండవచ్చు, చెవి ఉండదు. మూసలు పాతవే, ముద్రణ కొత్తది. మిగిలిపోయిన పాత లేబుళ్ళను కొత్త ముద్రణల మీద కూడా అంటించేశారు, అందుకే లేబుల్ మీద అచ్చయిన కంపెనీ చిరునామా చూసి ధర కట్టొద్దంటున్నాం.

గుర్తులన్నీ ఉన్నా గాడి అరిగిపోతే దండగ. గాడి మెరుపు పోయి బూడిద రంగు తిరిగిందంటే బరువు సూదులతో వాయించారన్నమాట. ప్రతి వైపూ చివరి పాటలో శాక్సఫోన్ గట్టిగా వాయించే చోటు వినిపించమనండి. లోపలి గాడుల్లో జాగా తక్కువ, అరుగుదల అక్కడే ముందు గరగరమంటుంది. వినడానికే అయితే అసలు టేపుల నుంచి తీసిన మంచి పునర్ముద్రణ కొనుక్కోండి. అరిగిన అసలు కంటే అందులో సంగీతం ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న: తాతగారి పెట్టెలో 78 ఆర్‌పీఎం డాన్స్ బ్యాండ్ రికార్డులు దొరికాయి. స్పిరిట్‌తో తుడిచి నా ఎల్‌పీ ప్లేయర్ మీద పెట్టవచ్చా? (కాకినాడ)

జవాబు: స్పిరిట్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ నీళ్ళలో ఒక చుక్క మెత్తని సబ్బు కలిపి, లేబుల్ తడవకుండా గాడి వెంట గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. సూది కూడా వేరే కావాలి. స్టీరియో ఎల్‌పీ సూది మొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 76 మైక్రాన్ల దాకా కావాలి. సన్నసూది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, రొద తప్ప పాట సరిగా రాదు. సూది మార్చాక బరువు ఆ సూదికి కంపెనీవాళ్ళు చెప్పినంత పెట్టండి. పాత గ్రామఫోన్ ఉక్కుసూది కింద మాత్రం ఎల్‌పీ ఎప్పుడూ పెట్టకండి, ఒక్కసారికే గాడి పోతుంది.